పాత మానిటర్ మసకబారిందా? విశాఖ వాసులు తరచుగా అడిగే ప్రశ్నలు, సమాధానాలు

విశాఖపట్నంలో ఇళ్లలోను, జిరాక్స్ దుకాణాల్లోను, ట్యూషన్ సెంటర్లలోను పదేళ్లు పైబడిన మానిటర్లు ఇంకా ఎన్నో పనిచేస్తున్నాయి. తెర కాస్త మసకబారగానే వాటిని మూలన పడేయడం పరిపాటిగా మారింది. నిజానికి చాలా సందర్భాల్లో లోపం ఒక సెట్టింగులోనో, వదులైన కేబుల్‌లోనో, చవకగా దొరికే ఒక విడిభాగంలోనో ఉంటుంది. తగ్గింది తెర వెనుక ఉన్న దీపమా, లేక తెర మీదికి వస్తున్న బొమ్మా అన్నది ముందుగా తేల్చుకోగలిగితే వెతుకులాట సగానికి తగ్గిపోతుంది. కింది సమాధానాలన్నీ ఆ తేడాను ఆధారం చేసుకునే సాగుతాయి.

తెర మసకగా ఉంది. మొట్టమొదట ఏం చూడాలి?

ఎల్‌సీడీ తెర తనంతట తాను వెలగదు. దాని వెనుక బ్యాక్‌లైట్ అనే దీపం ఉంటుంది. ముందున్న ద్రవ స్ఫటికాల పొర ఆ వెలుతురును ఎక్కడ ఎంత వదలాలో నిర్ణయిస్తుంది. మానిటర్ మెనూలోని బ్రైట్‌నెస్ సాధారణంగా దీపాన్ని తగ్గిస్తుంది లేదా పెంచుతుంది. కాంట్రాస్ట్ మాత్రం బొమ్మ సంకేతాన్ని మారుస్తుంది.

అందువల్ల ముందు కంప్యూటర్‌ను పక్కన పెట్టి, మానిటర్ సొంత మెనూను తెరిచి చూడండి. ఆ మెనూ కంప్యూటర్ నుంచి రాదు, మానిటరే దాన్ని గీస్తుంది. మెనూ అక్షరాలు కాంతివంతంగా ఉండి, వెనుక ఉన్న బొమ్మ మాత్రమే మసకగా ఉంటే లోపం కంప్యూటర్ సెట్టింగుల్లోనో కేబుల్‌లోనో ఉన్నట్టు. మెనూ కూడా అంతే మసకగా ఉంటే లోపం మానిటర్‌లోనే ఉంది. కేబుల్ పీకేసినప్పుడు కనిపించే "సిగ్నల్ లేదు" అనే సందేశంతో కూడా ఇదే పరీక్ష చేయవచ్చు. ఒక్క నిమిషం పట్టే ఈ పని చేయకుండా మానిటర్‌ను దుకాణానికి మోసుకెళ్లడం మంచిది కాదు.

మెనూలో బ్రైట్‌నెస్ గడి మసకబారి ఉంది, అంకె మారడం లేదు. ఎందుకని?

చాలా మానిటర్లలో ఎకో మోడ్, డైనమిక్ కాంట్రాస్ట్, ఎస్‌ఆర్‌జీబీ వంటి ఎంపికల్లో ఏదో ఒకటి ఆన్‌లో ఉన్నంతసేపూ బ్రైట్‌నెస్ మన చేతికి దొరకదు. డైనమిక్ కాంట్రాస్ట్ ఉన్నప్పుడు చీకటి దృశ్యం రాగానే దీపం తనంతట తానే తగ్గి, తెల్లని పేజీ తెరవగానే మళ్లీ పెరుగుతుంది; దాన్ని చూసి మానిటర్ పాడైందని అనుకునేవారు ఉన్నారు. ఆ ఎంపికలను ఆపి, బొమ్మ తీరును స్టాండర్డ్ లేదా యూజర్ అని మార్చండి. అప్పటికీ దారికి రాకపోతే మెనూలోని రీసెట్ వాడండి. మెనూయే తెరుచుకోక తాళం గుర్తు కనిపిస్తే, చాలా మోడళ్లలో మెనూ మీటను పది సెకన్లపాటు నొక్కి పట్టుకుంటే తాళం పోతుంది.

మీటలు కూడా పాడవుతాయి. తగ్గించే మీట లోపల ఇరుక్కుపోతే, ఎవరూ ముట్టుకోకుండానే మెనూ తెరుచుకుని బ్రైట్‌నెస్ అంకె సున్నా వైపు దిగుతూ పోతుంది. అలాంటప్పుడు మార్చాల్సింది ఆ చిన్న మీటను మాత్రమే.

ల్యాప్‌టాప్‌లో ఉన్నట్టు విండోస్‌లో బ్రైట్‌నెస్ స్లైడర్ కనిపించడం లేదు. డ్రైవర్ లోపమా?

లోపం కాదు. ఆ స్లైడర్ ల్యాప్‌టాప్ లోపలి తెర కోసం ఉద్దేశించినది. డెస్క్‌టాప్‌కు విడిగా తగిలించిన మానిటర్‌కు అది మామూలుగా రాదు. కేబుల్ గుండా మానిటర్‌కు ఆదేశాలు పంపే డీడీసీ సీఐ అనే పద్ధతి ఒకటి ఉంది. మీ మానిటర్ మెనూలో దాన్ని ఆన్ చేసి, విండోస్‌లో ట్వింకిల్ ట్రే లేదా మానిటోరియన్, లినక్స్‌లో డీడీసీయుటిల్ వాడితే అసలు దీపమే తగ్గుతుంది, పెరుగుతుంది. మధ్యలో హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకు మార్చే కన్వర్టర్ ఉంటే ఆ ఆదేశాలు తరచుగా అక్కడే ఆగిపోతాయి.

లినక్స్‌లో ఎక్స్‌ర్యాండ్‌ఆర్ అనే ఆదేశం ద్వారా చేసే బ్రైట్‌నెస్ మార్పు దీపాన్ని తాకదు, బొమ్మను మాత్రమే నల్లబరుస్తుంది. దానితో విద్యుత్తు ఆదా కాదు, దాని అంకెను మామూలు స్థాయి అయిన ఒకటికి మించి పెంచితే లేత రంగులన్నీ తెల్లగా కలిసిపోతాయి.

వెలుతురు ఉంది కానీ నలుపు బూడిద రంగులో, బొమ్మంతా పాలిపోయినట్టు ఉంది. ఇదేమిటి?

హెచ్‌డీఎంఐతో కలిపినప్పుడు ఇది తరచుగా ఎదురవుతుంది. వెలుతురు స్థాయిలు అంకెల రూపంలో వెళ్తాయి. టీవీల సంప్రదాయంలో నలుపును 16గా, తెలుపును 235గా పంపుతారు. కంప్యూటర్ మానిటర్లు 0 నుంచి 255 వరకు ఆశిస్తాయి. గ్రాఫిక్స్ కార్డు మీ మానిటర్‌ను టీవీ అనుకుని మొదటి పద్ధతిలో పంపితే, నలుపు నల్లగా ఉండదు, తెలుపు పూర్తిగా వెలగదు. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో అవుట్‌పుట్ డైనమిక్ రేంజ్‌ను ఫుల్ అని మార్చాలి. ఏఎమ్‌డీ, ఇంటెల్ సాఫ్ట్‌వేర్లలోనూ ఇలాంటి ఎంపిక ఉంటుంది. కొన్ని మానిటర్ల మెనూలో బ్లాక్ లెవెల్ అనే గడి ద్వారా కూడా దీన్ని సరిచేయవచ్చు.

తెర పసుపు, నారింజ ఛాయల్లో ఉండి సాయంత్రం మాత్రమే అలా మారుతుంటే విండోస్‌లోని నైట్ లైట్‌ను చూడండి. అది సూర్యాస్తమయ వేళకు తనంతట తాను మొదలయ్యేలా పెట్టి ఉండవచ్చు.

వీజీఏ కేబుల్‌తో బొమ్మ మసకగాను, ఒక రంగు వైపు మొగ్గుతూను కనిపిస్తోంది. కేబుల్ మారిస్తే చాలా?

చాలాసార్లు చాలు. వీజీఏ అనలాగ్ పద్ధతి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం సంకేతాలు విడివిడి తీగల్లో సుమారు 0.7 వోల్టు వరకు మాత్రమే ఉండే బలంతో ప్రయాణిస్తాయి. అంత సన్నని సంకేతం కాబట్టి పిన్ మీద పేరుకున్న తుప్పు పొర, వదులైన స్క్రూ, నాసిరకం పొడవాటి కేబుల్, ఏది ఉన్నా బొమ్మలో తెలిసిపోతుంది. తెల్లని పేజీ పసుపుగా కనిపిస్తే నీలం తీగ అందడం లేదు. లేత నీలిపచ్చగా కనిపిస్తే ఎరుపు, గులాబీ ఊదా ఛాయలో కనిపిస్తే ఆకుపచ్చ పోయిందన్నమాట. కనెక్టర్‌ను తీసి వెలుతురులో పట్టి, మూడు వరుసల్లోని పిన్నులు వంగాయేమో చూడండి. తొమ్మిదో పిన్ లేకపోవడం మాత్రం చాలా కేబుళ్లలో మామూలే, దాన్ని చూసి కంగారు పడనక్కర్లేదు.

ఒక కంప్యూటర్ నుంచి రెండు మానిటర్లకు కరెంటు అక్కర్లేని వై ఆకారపు స్ప్లిట్టర్ పెట్టి ఉంటే, సంకేతం రెంటికీ పంచుకుపోయి రెండూ మసకబారడం ఖాయం. విద్యుత్తుతో పనిచేసే స్ప్లిట్టర్ వాడాలి. కేబుల్ మార్చిన తర్వాత మానిటర్ మెనూలో ఆటో అడ్జస్ట్, ఆటో కలర్ రెండింటినీ ఒకసారి నడపండి. ఆటో కలర్ నడిపేటప్పుడు తెర మీద తెలుపు, నలుపు రెండూ ఉన్న పేజీ తెరిచి ఉంచితే అది సరిగ్గా కొలుచుకుంటుంది.

స్విచ్ వేయగానే రెండు సెకన్లు బొమ్మ కనిపించి, వెంటనే తెర నల్లబడిపోతోంది. పచ్చ లైటు మాత్రం వెలుగుతూనే ఉంది. తెర పోయినట్టేనా?

తెర పోలేదు, దీపం ఆరిపోయింది. ఈ తేడాను మీ కళ్లతోనే చూడవచ్చు. గదిలో లైట్లు ఆర్పి, మొబైల్ టార్చిని తెరకు దాదాపు ఆనించి ఏటవాలుగా వేయండి. టార్చి వెలుగు పడినంత మేర ఐకాన్లో, గడియారం అంకెలో, మౌస్ బాణమో లీలగా కనిపిస్తే ప్యానెల్ (బొమ్మను చూపే తెర పలక), కేబుల్, కంప్యూటర్ అన్నీ బాగానే ఉన్నట్టు. పని చేయనిది బ్యాక్‌లైట్ ఒక్కటే. ఏమీ కనిపించకపోతే చుట్టుపక్కల కోణాలు మార్చి మరోసారి చూడండి, ముదురు రంగు వాల్‌పేపర్ ఉంటే బొమ్మ తేలిగ్గా చిక్కదు.

2010కి ముందు తయారైన మానిటర్లలో ఎక్కువ భాగం సీసీఎఫ్ఎల్ అనే సన్నని ట్యూబులతో వెలుగుతాయి. పెన్సిల్ కన్నా ఎంతో సన్నగా ఉండే ఈ ట్యూబులను వెలిగించడానికి ఇన్వర్టర్ అనే చిన్న బోర్డు మొదట వెయ్యి వోల్టులకు పైగా, తర్వాత కొన్ని వందల వోల్టులు అందిస్తుంది. ఏ ఒక్క ట్యూబు సరిగా వెలగకపోయినా, ఇన్వర్టర్‌కు సరఫరా తడబడినా, ప్రమాదం జరగకుండా రక్షణ వలయం ఒకటి రెండు సెకన్లలో మొత్తం ఆర్పేస్తుంది. మీరు చూస్తున్నది ఆ రక్షణ వలయం పనినే.

కారణాలు మూడు రకాలు: ట్యూబు ముసలిదైపోవడం, ఇన్వర్టర్‌లోని ట్రాన్స్‌ఫార్మర్ లేదా ట్రాన్సిస్టర్లు కాలిపోవడం, కరెంటు అందించే పవర్ బోర్డు మీద విద్యుత్తును కాసేపు నిల్వ ఉంచే కెపాసిటర్లు ఉబ్బిపోవడం. నేనైతే ముందు అనుమానించేది కెపాసిటర్లనే. ముఖ్యంగా 2000 తర్వాతి తొలి ఏడెనిమిదేళ్లలో నాసిరకం ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ప్రపంచమంతటా మదర్‌బోర్డుల్లోకి, మానిటర్లలోకి చేరాయి. దీనికి తోడు, ఈ విడిభాగం చుట్టూ ఉన్న ఉష్ణోగ్రత ప్రతి పది డిగ్రీలు పెరిగినప్పుడల్లా దాని ఆయుష్షు దాదాపు సగమవుతుంది. మన మే నెల ఎండలో, గోడకు ఆనించి పెట్టిన మానిటర్ లోపల అది ఎంత వేడిని భరిస్తుందో ఊహించవచ్చు.

ఉబ్బిన కెపాసిటర్‌ను ఎలా గుర్తుపట్టాలి? ఇంట్లోనే మార్చుకోవచ్చా?

మంచి కెపాసిటర్ పైకప్పు చదునుగా, మెరుస్తూ ఉంటుంది. దాని మీద కొట్టొచ్చినట్టు కనిపించే గాట్లు ఉంటాయి. పాడైనదానికి ఆ కప్పు గాట్ల దగ్గర పైకి పొంగి, ఒక్కోసారి చీలి, గోధుమరంగు జిగురులాంటిది బయటికి వచ్చి ఎండిపోయి ఉంటుంది. కొన్ని పైకి బాగానే ఉండి లోపల ఎండిపోతాయి, వాటిని కెపాసిటర్ లోపలి నిరోధాన్ని (ఈఎస్ఆర్) కొలిచే ఈఎస్ఆర్ మీటర్‌తో మాత్రమే పట్టుకోగలం.

మార్చే పని టంకం వేయడం వచ్చినవారికి కష్టం కాదు. పాతదాని మైక్రోఫారడ్ విలువే ఉండాలి, వోల్టేజి అంతే లేదా కొంచెం ఎక్కువ ఉండాలి, 105 డిగ్రీలు అని ముద్రించిన తక్కువ ఈఎస్ఆర్ రకం కావాలి, మైనస్ గీత సరైన వైపు రావాలి. మానిటర్లలో ఉండే స్విచింగ్ రకం విద్యుత్ సరఫరాకు తగని మామూలు రకం వేస్తే కొద్ది నెలల్లోనే మళ్లీ పాత కథ మొదలవుతుంది.

అయితే ఒక మాట గట్టిగా చెప్పాలి. పవర్ బోర్డు మీద అన్నింటికన్నా లావుగా ఉండే కెపాసిటర్‌లో సుమారు 325 వోల్టులు నిలిచి ఉంటాయి, ప్లగ్ పీకేసిన తర్వాత కూడా కొంతసేపు అవి పోకపోవచ్చు. దాన్ని సురక్షితంగా డిశ్చార్జ్ చేయడం తెలియనివారు మూత తీయకూడదు. ద్వారకానగర్, డాబాగార్డెన్స్ పరిసరాల్లో అనుభవమున్న మెకానిక్‌కు అప్పగించి, "బ్యాక్‌లైట్ రెండు సెకన్లలో ఆగిపోతోంది, టార్చి వేస్తే బొమ్మ కనిపిస్తోంది, పవర్ బోర్డు కెపాసిటర్లు చూడండి" అని చెప్పండి. ఇంత స్పష్టంగా చెబితే ప్యానెల్ మార్చాలనే మాట ముందే రాదు.

పొద్దున్నే ఆన్ చేస్తే తెర ఎర్రటి ఛాయలో మసకగా ఉండి, కాసేపటికి సర్దుకుంటోంది. ఆందోళన పడాలా?

ట్యూబులు ముసలివైనాయని దానికి అర్థం. సీసీఎఫ్ఎల్ ట్యూబు పూర్తి వెలుగుకు రావడానికి కొత్తగా ఉన్నప్పుడే కొన్ని నిమిషాలు పడుతుంది. నిలకడగా మారడానికి అరగంట వరకు పట్టవచ్చు. వయసు పెరిగేకొద్దీ ఈ వేడెక్కే సమయం పెరిగి, గులాబీ ఛాయ ఎక్కువసేపు నిలుస్తుంది. ఉదయం నుంచి రాత్రి దాకా వెలిగే దుకాణపు మానిటర్‌కు ఆ రోజు ముందే వస్తుంది. కొంతకాలం అలాగే వాడుకోవచ్చు. ఫోటోలకు రంగులు సరిచూసే పనికి మాత్రం అది ఇక పనికిరాదు.

ఎంవీపీ కాలనీలో, లాసన్స్ బే దగ్గర సముద్రానికి దగ్గరగా ఉంటాం. ఉప్పుగాలి మానిటర్‌ను పాడుచేస్తుందా?

చేస్తుంది. అలల తుంపర నుంచి గాలిలో కలిసిన ఉప్పు కణాలు తేమను పట్టి ఉంచుతాయి. ఆ తడి పొర లోహపు కొనలను తినేస్తుంది. అధిక వోల్టేజి ఉన్న ఇన్వర్టర్ బోర్డు మీద ధూళి, ఉప్పు, తేమ కలిసి పేరుకుంటే విద్యుత్తు దారి తప్పి కారుతుంది, అప్పుడు చిన్నగా చిటపట శబ్దం, కాలిన వాసన, మినుకుమినుకుమనే తెర ఒకదాని వెంట ఒకటి వస్తాయి. అలాంటి వాసన వచ్చిన వెంటనే ప్లగ్ తీసేయాలి. ఓడరేవుకు దగ్గరగా, వన్ టౌన్ వైపు ఉండేవారికి ఉప్పుతోపాటు నల్లటి దుమ్ము కూడా చేరుతుంది.

మానిటర్‌ను సముద్రం వైపు కిటికీకి దూరంగా ఉంచండి. వారానికి ఒకసారైనా కాసేపు వెలిగిస్తే లోపలి వేడికి తేమ ఆరుతుంది. నెలల తరబడి గుడ్డ కప్పి వదిలేసిన మానిటర్లే ఎక్కువగా తుప్పు పడతాయి. వేడిగా ఉన్నప్పుడు ప్లాస్టిక్ కవర్ మాత్రం తొడగవద్దు. పిన్నుల మీద తెల్లటి లేదా పచ్చటి పొర కనిపిస్తే, కరెంటు తీసేసి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూది పుల్లతో తుడవండి. తెర మీద ఆ ద్రవం గానీ, అమోనియా ఉన్న గాజు క్లీనర్ గానీ వాడకూడదు. మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డకు కాస్త నీటి తడి చాలు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకినప్పుడు నగరంలో ఎన్ని కిటికీ అద్దాలు పగిలాయో చూసినవారికి తెలుసు. వానజల్లు పడి తడిసిన మానిటర్‌ను "పనిచేస్తుందో లేదో చూద్దాం" అని వెంటనే ఆన్ చేయడం దాన్ని చేజేతులా చంపుకోవడమే. ప్లగ్ తీసి, కొన్ని రోజులు గాలి తగిలేచోట ఆరనిచ్చి, లోపలి బోర్డులను మెకానిక్‌తో శుభ్రం చేయించిన తర్వాతే కరెంటు ఇవ్వాలి.

మా వీధిలో వోల్టేజి పడిపోతుంటుంది. మానిటర్ మసకబారడానికి అదే కారణమా?

దాదాపు ఎప్పుడూ కాదు. పాత ఫిలమెంటు బల్బు వోల్టేజితోపాటు మసకబారుతుంది. మానిటర్ల సరఫరా సాధారణంగా 100 నుంచి 240 వోల్టుల వరకు దేన్నైనా తీసుకుని లోపల ఒకే స్థాయిలో ఇస్తుంది. బయట అడాప్టర్ ఉండే మానిటర్లలో మాత్రం అడాప్టర్ బలహీనపడితే తేడా తెలుస్తుంది. బ్రైట్‌నెస్ ఎక్కువ పెట్టినప్పుడు తెర మినుకుమంటూ, తగ్గించగానే నిలకడగా ఉంటే ముందు అడాప్టర్‌నే అనుమానించండి. కొత్తది కొనేటప్పుడు వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి, ఆంపియర్లు అంతే లేదా ఎక్కువ ఉండాలి, ప్లగ్‌లో ప్లస్ మైనస్‌ల అమరిక ఒకటే కావాలి.

తెరలో ఒక పక్క మాత్రమే చీకటిగా ఉంది. బాగుచేయించవచ్చా?

ట్యూబులు సాధారణంగా తెర పై అంచున, కింది అంచున ఉంటాయి. అందుకే ఒకటి బలహీనపడితే ఆ అంచు వైపు మసకబారుతుంది. ఎల్‌ఈడీ మానిటర్లలో అంచు వెంబడి ఉండే పట్టీలో ఒక వరుస ఆగిపోతే నిలువు నీడల్లా కనిపిస్తుంది. ట్యూబులు తీసేసి ఎల్‌ఈడీ పట్టీ, దాని డ్రైవర్ బోర్డు అమర్చే కిట్లు దొరుకుతాయి. కానీ ప్యానెల్ పొరలు విప్పినప్పుడు లోపల చేరిన ఒక్క దుమ్ము రేణువు కూడా తర్వాత మచ్చలా కనిపిస్తుంది, ట్యూబు చిట్లితే లోపలి పాదరసం బయటికి వస్తుంది. మానిటర్ చతురస్రానికి దగ్గరగా ఉండే పాత ఆకారంలో ఉండి మీ పనికి అదే కావాలంటే చేయించండి, లేకపోతే ఈ ఒక్క మరమ్మతుకు నేను సలహా ఇవ్వను.

కింది నుంచి చూస్తే నల్లగా, ఎదురుగా చూస్తే బాగా ఉంది. లోపమా?

కాదు, టీఎన్ అనే పాత రకం ఎల్‌సీడీ ప్యానెళ్ల స్వభావమే అంత. తెరను కాస్త ముందుకు లేదా వెనక్కి వంచి మీ కంటి ఎత్తుకు సరిచేసుకోండి.

బ్రైట్‌నెస్ తగ్గిస్తే కళ్లు లాగుతున్నాయి, తలనొప్పి వస్తోంది. తగ్గిస్తే మేలు కదా?

చాలా పాత మానిటర్లు దీపాన్ని నిజంగా తగ్గించవు. సెకనుకు సుమారు రెండు వందల సార్లు ఆర్పి వెలిగిస్తూ, ఆరి ఉండే సమయాన్ని పెంచుతాయి. కొందరి కళ్లకు ఈ మినుకు పడదు. మొబైల్ కెమెరాను తెర మీద పట్టి చూస్తే కదిలే అడ్డ పట్టీలు కనిపించవచ్చు. బ్రైట్‌నెస్‌ను నూటికి దగ్గరగా ఉంచి, గ్రాఫిక్స్ సెట్టింగుల్లో బొమ్మను కొంచెం తగ్గించి చూడండి. కాంట్రాస్ట్ కొంత పోతుంది, కళ్లకు ఊరట దొరకవచ్చు. తెర పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి, తెరమీది తెల్లని పేజీ ఆ కాగితమంత తెల్లగా కనిపించేలా సరిచేసుకోవడం సులువైన కొలత. కిటికీ మీ వెనుకో, మానిటర్ వెనుకో కాకుండా పక్కన ఉండాలి.

లావుపాటి పాత సీఆర్‌టీ మానిటర్ మసకబారింది. వెనుక ఉన్న స్క్రూ తిప్పితే బాగవుతుందని విన్నాం.

స్క్రీన్ అనే సర్దుబాటు ఫ్లైబ్యాక్ ట్రాన్స్‌ఫార్మర్ (అధిక వోల్టేజి తయారుచేసే భాగం) మీద ఉన్న మాట నిజమే. కానీ సీఆర్‌టీలోని పెద్ద గాజు ట్యూబుకు ఇరవై వేల వోల్టులకు పైగా అందుతాయి, స్విచ్ ఆపాక కూడా ఆ చార్జి నిలిచి ఉంటుంది. మూత తెరవకండి. సీఆర్‌టీ పని తెలిసిన పాత టీవీ మెకానిక్ మాత్రమే దాన్ని తాకాలి.

ఇక బాగుపడదని తేలింది. ఎక్కడ పడేయాలి?

చెత్తబండిలో వేయకూడదు, పాత సామాన్ల వ్యాపారికి విరగ్గొట్టి అమ్మకూడదు. సీసీఎఫ్ఎల్ ట్యూబుల్లో పాదరసం, సీఆర్‌టీ గాజులో సీసం ఉంటాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం వీటిని నమోదైన రీసైక్లర్ల ద్వారానే పంపాలి, ఆ బాధ్యతలో తయారీ సంస్థలకు భాగం ఉంది. అందుకే మీ మానిటర్ కంపెనీ వెబ్‌సైటులో పాత వస్తువులు తిరిగి తీసుకునే కేంద్రాల వివరాలు చూడండి. ట్యూబు పగిలితే కిటికీలు తెరిచి, ఫ్యాను ఆపి, కాసేపు గది బయట ఉండండి. తర్వాత చీపురు గానీ వాక్యూమ్ క్లీనర్ గానీ వాడకుండా ముక్కలను గట్టి అట్టతో ఎత్తి, సన్నని పొడిని జిగురు టేపుతో తీసి, మూత బిగుతుగా ఉండే డబ్బాలో పెట్టి మానిటర్‌తోపాటే అప్పగించండి.